బీజింగ్ వెళ్లేది ఎవరు? ‘ప్రామిస్’ అనే క్రియతో చైనా విద్యార్థుల చిక్కు

చైనాలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న ఒక విద్యార్థి వేసవి సెలవుల గురించి వ్యాసం రాస్తూ ఇలా రాశాడనుకుందాం: ‘మై మదర్ ప్రామిస్డ్ మి టు గో టు బీజింగ్.’ పైపైన చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు. స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయి, భూతకాలం సరిగ్గా ఉంది. కానీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఈ వాక్యం చదివితే బీజింగ్ వెళ్లేది అమ్మ. రాసిన కుర్రాడి మనసులో ఉన్నది వేరు. తాను వెళ్తానని అడిగాడు, అమ్మ సరేనంది. పెట్టె సర్దుకుంటున్నది కుర్రాడు. చదివేవారి ఊహలో రైలెక్కింది అమ్మ.

ఇలాంటి తప్పులు ఒక పట్టాన దొరకవు. ‘హి గో’ అని రాస్తే ఉపాధ్యాయుడి ఎర్ర సిరా వెంటనే దాని మీద పడుతుంది. పై వాక్యం మాత్రం బుద్ధిమంతుడిలా నిలబడి వేరే అర్థం చెప్పి వెళ్లిపోతుంది. సెలవుల వ్యాసంలో అయితే పెద్ద నష్టం లేదు. అదే విద్యార్థి కొన్నేళ్ల తర్వాత ఒక యంత్రాల కంపెనీలో చేరి, విదేశీ కొనుగోలుదారుకు ‘అవర్ మేనేజర్ ప్రామిస్డ్ ది ఇంజనీర్స్ టు విజిట్ యు ఆన్ మండే’ అని మెయిల్ పంపితే? ఇంజనీర్లు రావడానికి మేనేజరు అనుమతి ఇచ్చారని అతని ఉద్దేశం. అవతలివాళ్లు సోమవారం పొద్దున్నే మేనేజరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

మాట ఇవ్వడం గురించిన ఒక చిన్న క్రియ ఇంత తికమక ఎందుకు పెడుతుంది? భాషా శాస్త్రవేత్తలు ఈ క్రియను అర్ధ శతాబ్దానికి పైగా పరిశీలిస్తూనే ఉన్నారు. ఇందులో చైనీస్ భాష పాత్ర కొంత ఉంది, ఇంగ్లీషు పాత్ర కూడా తక్కువేమీ కాదు.

పిలిస్తే పలకడం, అడిగితే ఊఁ అనడం

చైనీస్‌లో రోజూ వాడే మాటల్లో ‘దాయింగ్’ ఒకటి. (పలికేటప్పుడు ఆ ‘ద’ మన ‘త’కు దగ్గరగా ఉంటుంది. చైనీస్‌ను రోమన్ లిపిలో రాసే పద్ధతి వల్ల అది ‘ద’గా మారింది.) ఈ మాటలోని రెండు అక్షరాలూ బదులు పలకడం అనే అర్థాన్నే మోస్తాయి. వీధిలోంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే ‘ఆఁ’ అనడం దాయింగ్. ఎవరైనా ఏదైనా అడిగితే సరేననడమూ దాయింగే. ఆ పని చేస్తానని మాట ఇవ్వడానికీ అదే మాట వాడతారు.

తెలుగులో దీనికి బాగా దగ్గరగా వచ్చేది ‘మాట ఇవ్వడం’ కాదు, ‘ఊఁ అనడం’. ‘ఎన్నిసార్లు పిలిచినా ఊఁ అనలేదు’, ‘చివరికి పెళ్లికి ఊఁ అంది’ అనే రెండు వాక్యాలు చూడండి. పలకడం, ఒప్పుకోవడం రెండూ ఒకే చిన్న శబ్దంలో ఇమిడిపోయాయి.

ఇంగ్లీషు ‘ప్రామిస్’ పుట్టుక దీనికి ఎదురు దిశలో ఉంది. అది లాటిన్‌లోని ‘ప్రో’, ‘మిత్తెరె’ అనే రెండు భాగాల నుంచి వచ్చింది. మొదటిదానికి ముందుకు అని, రెండోదానికి పంపడం అని అర్థం. మిషన్, మిస్సైల్ అనే మాటల్లో ఉన్నదీ ఆ ‘మిత్తెరె’యే. ఒక పనిని నా దగ్గర నుంచి మీ వైపు ముందుగానే పంపించేస్తే అది ప్రామిస్. మీ దగ్గర నుంచి నాకు వచ్చిన కోరికకు బదులు పలికితే అది దాయింగ్. ఒకటి బయటికి వెళ్లే ఉత్తరమైతే, రెండోది వచ్చిన ఉత్తరానికి జవాబు.

చైనా విద్యార్థుల వాక్యాల్లో కనిపించే కొన్ని విచిత్రాలు ఈ తేడాతో విడిపోతాయి. ‘ఐ ప్రామిస్డ్ హిజ్ ఇన్విటేషన్’ అంటే ఇంగ్లీషులో అర్థం లేదు. ఆహ్వానం అవతలివారి నుంచి వచ్చింది, దాన్ని స్వీకరిస్తాం కాబట్టి అక్కడ ఉండాల్సింది ‘యాక్సెప్టెడ్’. ‘షి ప్రామిస్డ్ మై రిక్వెస్ట్’ అనేదీ అంతే, కోరికకు ‘అగ్రీడ్ టు’ కావాలి. చైనీస్‌లో ‘అతని షరతులకు దాయింగ్ అన్నాను’ అనడం పూర్తిగా సహజం. ఇంగ్లీషులో ‘ఐ ప్రామిస్డ్ హిజ్ కండిషన్స్’ అంటే వినేవాడు తల గోక్కుంటాడు. ప్రామిస్ తర్వాత వచ్చే వస్తువు ఇచ్చేవాడి చేతిలోంచి వెళ్లేది కావాలి: ‘ఐ ప్రామిస్డ్ హిమ్ ఎ బైసికిల్’ అంటే సైకిలు నేను ఇస్తానని.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. మాట ఇవ్వడం, నిలబెట్టుకోవడం అనే భావన చైనీస్‌లో పలచబడి ఉందని దీని అర్థం కాదు. రెండు వేల ఏళ్లకు పూర్వం సిమా చ్యెన్ రాసిన చరిత్ర గ్రంథంలో జీ బు అనే వ్యక్తి కనిపిస్తాడు. ఆయన మాట బంగారం కంటే విలువైనదని జనం చెప్పుకునేవారట. ఒక్క మాట వేయి బంగారాలకు సమానం అనే జాతీయం ఆ కథలోంచే వచ్చి నేటికీ చైనీస్‌లో చలామణిలో ఉంది. గట్టి హామీకి ‘బావోజెంగ్’, లాంఛనంగా ఇచ్చే వాగ్దానానికి ‘చెంగ్‌నువో’ అని వేరే మాటలు ఉన్నాయి. చిక్కల్లా రోజువారీ సంభాషణలో ముందుగా నోటికొచ్చేది దాయింగ్ కావడమే. ద్విభాషా నిఘంటువు తెరిస్తే దాని ఎదురుగా బదులివ్వు, ఒప్పుకో, ప్రామిస్ అనే అర్థాలు వరసగా ఉంటాయి. పరీక్షకు పదాలు బట్టీ పట్టే పిల్లవాడు ఆ వరసలోంచి ఒకటి ఎంచుకుంటాడు.

మెదడులో ఒకే గూడు

రెండో భాషలో పదం నేర్చుకోవడమంటే కొత్త శబ్దాన్ని పాత అర్థానికి తగిలించడమేనా? చైనీస్ మాతృభాషగా గల వారిపైనే జరిగిన ఒక పరిశోధన దీనికి ఆసక్తికరమైన జవాబిచ్చింది. నాన్ జియాంగ్ అనే భాషా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 2002లో దాన్ని ప్రచురించారు. ఇంగ్లీషు బాగా వచ్చిన చైనీయులకు ఇంగ్లీషు పదాల జంటలు చూపించి, ఆ రెండు పదాల అర్థాలకు సంబంధం ఉందో లేదో చెప్పమన్నారు. కొన్ని జంటల్లోని రెండు పదాలకూ చైనీస్‌లో అనువాదం ఒక్కటే. మిగిలిన జంటలకు వేర్వేరు అనువాదాలు. ఉదాహరణకు ‘ప్రాబ్లమ్’, ‘క్వశ్చన్’ రెండింటినీ చైనీస్‌లో ‘వెన్‌తి’ అనే అంటారు.

ఒకే అనువాదం ఉన్న జంటల విషయంలో చైనీయులు త్వరగా స్పందించారు, వాటి మధ్య సంబంధం ఎక్కువని కూడా భావించారు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలో ఆ తేడా కనిపించలేదు. పరీక్ష పూర్తిగా ఇంగ్లీషులోనే జరిగింది, చైనీస్ మాట ఒక్కటీ తెర మీదకు రాలేదు. అయినా లోపల చైనీస్ పని చేస్తూనే ఉంది. ఇంగ్లీషు పదం కింద మాతృభాషలోని అర్థమే చాలాకాలం కూర్చుని ఉంటుందని, ఆ స్థితిలోనే భాష కొంత అనర్గళంగా వచ్చేస్తుందని జియాంగ్ వివరించారు. ‘అగ్రీ’, ‘ప్రామిస్’ రెండూ దాయింగ్ అనే గూటిలో చేరిన విద్యార్థికి ఒకదాని బదులు ఇంకొకటి ఎగిరి రావడంలో వింత లేదు.

ఇలాంటి తప్పులను అజాగ్రత్తగా కాకుండా సాక్ష్యంగా చూడాలని బ్రిటిష్ భాషా శాస్త్రవేత్త పిట్ కోర్డర్ 1967లోనే వాదించారు. చైనాలో గ్వే షిచున్, యాంగ్ హ్వేజోంగ్ అనే ఆచార్యులు పాఠశాల స్థాయి నుంచి విశ్వవిద్యాలయం దాకా విద్యార్థులు రాసిన ఇంగ్లీషును సేకరించి, తప్పులకు గుర్తులు పెట్టి, సుమారు 10 లక్షల పదాల నిధిని 2003లో వెలువరించారు. పిల్లల తప్పుల్ని ఇంత శ్రద్ధగా భద్రపరిచిన దేశాలు ఎక్కువ ఉండవు.

మాట అనగానే పని అయిపోతుంది

ప్రామిస్ గురించి తత్వవేత్తలకూ చాలాకాలంగా కుతూహలం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఒక సంగతి ఎత్తిచూపారు. ‘నేను నడుస్తున్నాను’ అన్నంత మాత్రాన నడిచినట్టు కాదు. ‘నేను మాట ఇస్తున్నాను’ అంటే మాత్రం మాట ఇచ్చినట్టే. అనడమే చేయడం. అమెరికన్ తత్వవేత్త జాన్ సెర్ల్ 1969లో ఈ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లి, ప్రామిస్ కావాలంటే ఏమేం ఉండాలో విడదీసి చూపారు. చేయబోయేది భవిష్యత్తులోని పని కావాలి. ఆ పని చేసేవాడు మాట ఇచ్చినవాడే కావాలి. అవతలివారు దాన్ని కోరుకోవాలి, లేకపోతే అది బెదిరింపు అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ మాటతో చెప్పినవాడి మీద ఒక బాధ్యత పడాలి.

అవతలివాడు ముందుగా అడిగి ఉండాలనే షరతు ఈ జాబితాలో ఎక్కడా లేదని గమనించండి. ఎవరూ అడగకపోయినా ప్రామిస్ చేయవచ్చు. ‘అగ్రీ’కి, దాయింగ్‌కు మాత్రం ముందు ఒక ప్రతిపాదనో కోరికో ఉండి తీరాలి.

సెర్ల్ ఇంకో మెలిక కూడా గుర్తించారు. దొంగతనం అంటగట్టినప్పుడు ఇంగ్లీషువాడు ‘నేను తీయలేదు, ఐ ప్రామిస్’ అంటాడు. అక్కడ భవిష్యత్తూ లేదు, చేయాల్సిన పనీ లేదు. అది నొక్కి చెప్పడం మాత్రమే. తెలుగువారికి ఇది కొత్త కాదు, ‘ఒట్టు, నేను చూడలేదు’ అన్నట్టే. బడిపిల్లలు ఈ మధ్య ఒట్టుకు బదులు ‘ప్రామిస్’ అనే అంటున్నారు కూడా. చైనీస్‌లో ఈ సందర్భానికి దాయింగ్ అస్సలు పనికిరాదు, బావోజెంగ్ కావాలి.

న్యాయశాస్త్రం దారి ఇంకా వేరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 2వ సెక్షన్ ప్రకారం, ఒకరు చేసిన ప్రతిపాదనను రెండోవారు అంగీకరించగానే అది ‘ప్రామిస్’ అవుతుంది. అంగీకారం నుంచే వాగ్దానం పుడుతుందనడం వల్ల ఇది చైనా విద్యార్థి ఊహకు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ అదే సెక్షన్ ప్రతిపాదన చేసినవాడిని వాగ్దానం చేసినవాడిగా, ఒప్పుకున్నవాడిని వాగ్దానం పొందినవాడిగా నిర్వచిస్తుంది. దాయింగ్‌లో ఊఁ అన్నవాడి మీదే భారం పడుతుంది. చట్టం దాన్ని తిరగేసింది.

డొనాల్డ్, బోజో, ఒక పిల్లిమొగ్గ

మొదటి వాక్యానికి తిరిగి వద్దాం. ‘ప్రామిస్డ్ మి టు గో’లో ‘గో’ అనే పని ఎవరిది? ఇంగ్లీషులో ‘టు గో’ రూపానికి తనదంటూ కర్త ఉండడు. ముందున్న క్రియ చూసి కర్తను పట్టుకోవాలి. ‘టోల్డ్ మి టు గో’, ‘ఆర్డర్డ్ మి టు గో’, ‘అలౌడ్ మి టు గో’ అన్నింటిలో వెళ్లేది ‘మి’, అంటే క్రియకు దగ్గరగా ఉన్న మనిషి. ఇంగ్లీషులో ఎక్కువ క్రియలు ఇలాగే నడుస్తాయి. భాషా శాస్త్రవేత్త పీటర్ రోజెన్‌బామ్ 1960లలో దీన్ని ‘అతి తక్కువ దూరం’ సూత్రంగా చెప్పారు. ప్రామిస్ ఆ సూత్రాన్ని పాటించదు. దగ్గరగా ఉన్న ‘మి’ని దాటుకుని వెనక్కి వెళ్లి అమ్మను పట్టుకుంటుంది.

ఇంగ్లీషు పిల్లలకైనా ఇది సులువుగా వస్తుందా? కేరోల్ చామ్‌స్కీ 1969లో ప్రచురించిన పుస్తకం ఈ ప్రశ్నతోనే ప్రసిద్ధి పొందింది. 5 నుంచి 10 ఏళ్ల మధ్య వయసున్న 40 మంది పిల్లలతో ఆమె ఈ ప్రయోగాలు చేశారు. డొనాల్డ్ డక్, బోజో అనే విదూషకుడు, ఈ రెండు బొమ్మలను పిల్లల ముందు పెట్టారు. ప్రామిస్ అంటే ఏమిటో వారికి తెలుసో లేదో ముందే చూసుకున్నారు. ఆ తర్వాత, పిల్లిమొగ్గ వేయడం గురించి ఒక బొమ్మ రెండో బొమ్మకు ప్రామిస్ చేసిందని ఇంగ్లీషులో చెప్పి, బొమ్మల చేత అది చేయించమన్నారు. మాట ఇచ్చింది బోజో అయినా, కొంతమంది పిల్లలు డొనాల్డ్ చేత పిల్లిమొగ్గ వేయించారు. మాట ఇవ్వడం అంటే ఏమిటో చక్కగా తెలిసినవారే ఈ వాక్యంలో తడబడ్డారు. వయసు పెరిగినకొద్దీ అందరూ ఒకే వేగంతో సరిదిద్దుకోలేదు కూడా. మధ్యలో ఒక దశలో కొందరు, ప్రామిస్ వేరుగా నడుస్తుందని గ్రహించి, ఆ కొత్త నియమాన్ని ‘టెల్’ వాక్యాలకూ పూసి, అంతవరకూ సరిగ్గా చేస్తున్నవి కూడా పాడు చేసుకున్నారు. పాఠం సగం ఒంటబట్టినప్పుడు జరిగే పని ఇది. చైనా విద్యార్థి తప్పు చైనీస్ వల్ల మాత్రమే వచ్చిందనేవారు ఈ పిల్లల్ని గుర్తుపెట్టుకోవాలి.

అయినా చైనీస్ తన వంతు సాయం చేస్తుంది. ‘నేను – పిలుచు – అతను – వచ్చు’ అని నాలుగు మాటలు పక్కపక్కన పేర్చితే చైనీస్‌లో ‘నేను అతన్ని రమ్మని పిలిచాను’ అనే వాక్యం తయారవుతుంది. మధ్యలో ఉన్న ‘అతను’ మొదటి క్రియకు కర్మ, రెండోదానికి కర్త. చైనా వ్యాకరణంలో ఆ మధ్య పదానికి ‘జియెన్‌యు’ అని పేరు, ఏకకాలంలో రెండు కొలువులు చేసే పదమని భావం. కుర్రాడి చైనీస్ వాక్యం ‘మామా దాయింగ్ వో చ్యూ బీజింగ్’ కూడా పైకి ఆ వరసలోనే ఉంది: అమ్మ – ఊఁ అను – నేను – వెళ్లు – బీజింగ్. క్రియకు కాలాన్ని బట్టి గానీ, మనిషిని బట్టి గానీ ప్రత్యయాలు లేవు. సందర్భాన్ని బట్టి అమ్మ తానే వెళ్తానని మాట ఇచ్చిందనీ అనుకోవచ్చు, కొడుకు వెళ్లడానికి ఒప్పుకుందనీ అనుకోవచ్చు. వినేవాళ్లకు ఇంటి సంగతులు తెలుసు కాబట్టి ఇబ్బంది రాదు. ఇంగ్లీషు వాక్యం చదివే పరాయివాడికి ఆ ఇంటి సంగతులు తెలియవు.

తెలుగు క్రియ చెప్పే రహస్యం

కేరోల్ చామ్‌స్కీ ప్రయోగాన్ని తెలుగులోకి మార్చి చేయాలంటే కుదరదు. ‘బోజో డొనాల్డ్‌కు పిల్లిమొగ్గ వేస్తానని మాట ఇచ్చాడు’ అనగానే జవాబు బయటపడిపోయింది. ‘వేస్తానని’లోని ‘ను’ మాట ఇచ్చినవాడిని వేలు పెట్టి చూపిస్తోంది. ‘వేయమని చెప్పాడు’ అంటే వేసేది డొనాల్డ్. ‘వేయవచ్చని చెప్పాడు’ అంటే అనుమతి. ఇంగ్లీషు క్రియ ఎంపికలో దాచిపెట్టే సంగతిని, చైనీస్ సందర్భానికి వదిలేసే సంగతిని తెలుగు ప్రత్యయంలో బహిరంగంగా పెట్టింది. ‘తాను వస్తానని అన్నాడు’ వంటి వాక్యంలో కర్త ప్రథమ పురుషలో ఉండగా క్రియ ఉత్తమ పురుషలో ఉండటం చాలా భాషల్లో కనిపించదు. భాషా శాస్త్రవేత్తలు తెలుగులోని ఈ తీరును ప్రత్యేకంగా చదువుతున్నారు.

అలాగని తెలుగువారికి ప్రామిస్ నల్లేరు మీద బండి నడక కాదు. వారి తప్పు వేరే చోట పుడుతుంది. ‘వస్తానని మాట ఇచ్చాడు’లోని ఆ ‘ను’ను వెంట తీసుకుపోయి ‘హి ప్రామిస్డ్ దట్ ఐ విల్ కమ్’ అని రాస్తే, మాట ఇచ్చింది అతను, రావాల్సింది రాసినవాడు అవుతారు.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు సాధారణంగా ‘ప్రామిస్ టు డూ’, ‘ప్రామిస్ సమ్‌బడీ సమ్‌థింగ్’, ‘ప్రామిస్ దట్’ అని మూడు నమూనాలు బల్ల మీద రాసి, పిల్లల చేత ఎక్కించుకోమంటారు. నమూనాలు అవసరమే. అయితే బీజింగ్ వాక్యాన్ని అవి ఆపలేవు, ఎందుకంటే నమూనా ప్రకారం అందులో పెద్ద దోషం లేదు. ముందు అడగాల్సింది, పని ఎవరు చేస్తారు అని. మాట ఇచ్చినవాడే చేస్తాడంటే ప్రామిస్ పనికొస్తుంది. ఇంకొకరు చేస్తారు, తాను సరేనన్నాడు అంతే అంటే ‘లెట్’ లేదా ‘అగ్రీ’ కావాలి. మధ్యలో ‘మి’, ‘హిమ్’ వంటి మాట వచ్చినప్పుడు ‘టు గో’ను వదిలేసి ‘దట్’తో రాయడం మేలు. ‘హి ప్రామిస్డ్ మి దట్ హి వుడ్ గో’లో ‘హి’ రెండోసారి కనిపించి అనుమానం తీరుస్తుంది. ‘ప్రామిస్డ్ మి టు గో’ అనే రూపం ఇంగ్లీషువాళ్లలోనే చాలామందికి ఇబ్బందిగా వినిపిస్తుంది, కాబట్టి దాన్ని వదులుకోవడం వల్ల పోయేదేమీ లేదు.

మాట నిలబెట్టుకోవడం దగ్గర ఇంకో చిన్న ముల్లు ఉంది. చైనీస్‌లో నియమాన్ని పాటించినట్టే మాటను కూడా పాటిస్తారు, రెండింటికీ క్రియ ఒక్కటే. అందువల్ల చైనా విద్యార్థులు ‘ఒబే మై ప్రామిస్’ అంటుంటారు. ఇంగ్లీషులో ప్రామిస్‌ను ‘కీప్’ చేస్తారు లేదా ‘బ్రేక్’ చేస్తారు. తెలుగులో నిలబెట్టుకుంటారు లేదా తప్పుతారు. ఈ జంటలకు తర్కం వెతకడం కంటే అలవాటు చేసుకోవడమే దగ్గర దారి.

ఇక కుర్రాడి వాక్యం. అమ్మ కేవలం ఊఁ అని ఉంటే అతను రాయాల్సింది ‘మై మదర్ సెడ్ ఐ కుడ్ గో టు బీజింగ్’. గట్టిగా మాట ఇచ్చి ఉంటే ‘మై మదర్ ప్రామిస్డ్ దట్ ఐ కుడ్ గో టు బీజింగ్’. రైలు టికెట్లు దొరక్క ప్రయాణం ఆగిపోతే మొదటి వాక్యం రాసినవాడు ఉసూరుమంటాడు. రెండో వాక్యం రాసినవాడు అమ్మను నిలదీస్తాడు.